ఆయుధాల లెక్క చివర తేలాలి

తుపాకి పట్టినవాళ్లతో చర్చలు అనగానే ఏ ప్రభుత్వమైనా పెట్టే మొదటి షరతు ఒకటే: ముందు ఆయుధాలు అప్పగించండి, తర్వాత కూర్చుందాం. వినడానికి ఇంతకంటే న్యాయమైన మాట ఉండదు. ఒకడు ఒళ్లో తుపాకి పెట్టుకుని కూర్చుంటే ఎదుటివాడు ధైర్యంగా ఏం మాట్లాడతాడు? అయినా ఉత్తర ఐర్లండ్‌లో శాంతికి రెండేళ్లకు పైగా అడ్డం పడింది ఈ షరతే. దాన్ని పక్కన పెట్టాకే 1998 ఒప్పందం కుదిరింది. ఆ ప్రాంతాన్ని బ్రిటన్ నుంచి విడదీసి ఐర్లండ్‌లో కలపాలని పోరాడిన ఐఆర్ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ) ఆయుధాలు పూర్తిగా పోయింది ఆ తర్వాత ఏడేళ్లకు, 2005లో. ఈ వరుసే సరైనదని నా వాదన. దానికి కట్టిన మూల్యం కూడా పెద్దదే, దాని గురించీ చెప్తాను.

ఐర్లండ్ జాతీయోద్యమం మనకు మరీ పరాయిది కాదు. వి.వి. గిరి 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్లారు. 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత ఆ దేశం వదిలి రావాల్సి వచ్చింది. మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలకు మూలం 1937 నాటి ఐర్లండ్ రాజ్యాంగం. అదే రాజ్యాంగంలోని 2, 3 అధికరణాలు ద్వీపం మొత్తం తమ జాతీయ భూభాగమేనని ప్రకటించాయి. ఉత్తరాన ఉన్న యూనియనిస్టులకు (బ్రిటన్‌తోనే కలిసుండాలనేవాళ్లు, ఎక్కువగా ప్రొటెస్టంట్లు) అరవై ఏళ్లు నిద్ర పట్టనివ్వని అధికరణాలవి.

1918 ఎన్నికల్లో ద్వీపంలోని 105 సీట్లలో 73 స్వాతంత్ర్యం కోరే షిన్ ఫేన్ పార్టీ గెలిచింది. లండన్ పార్లమెంటుకు వెళ్లకుండా డబ్లిన్‌లో సొంత సభ పెట్టుకుంది. దాని వెనకే గెరిల్లా యుద్ధం నడిచింది. 1920 చట్టం ద్వీపాన్ని చీల్చింది, 1921 డిసెంబరు ఒప్పందం ఆ చీలికను ఖాయం చేసింది. దక్షిణాన ఇరవై ఆరు కౌంటీలు స్వతంత్రమయ్యాయి, ఈశాన్యాన ఆరు కౌంటీలు బ్రిటన్‌లో ఉండిపోయాయి. ఆ ఆరింటిలో మూడింట రెండు వంతుల జనం ప్రొటెస్టంట్లు. అక్కడ యాభై ఏళ్లు ఒకే పార్టీ ఏలింది. డెరీ నగరంలో క్యాథలిక్కులే (ఎక్కువగా ఐర్లండ్ ఐక్యత కోరే జాతీయవాదులు) ఎక్కువ, కానీ వార్డుల హద్దులు ఎలా గీశారంటే కౌన్సిల్ ఎప్పుడూ యూనియనిస్టులదే. కౌన్సిల్ చేతిలో ఇళ్ల కేటాయింపు ఉంది, స్థానిక ఎన్నికల్లో ఓటు ఇంటితో ముడిపడి ఉంది. 1968 అక్టోబరు 5న పౌరహక్కుల ఊరేగింపు మీద డెరీలో లాఠీలు విరిగింది ఈ నేపథ్యంలోనే.

ఆయుధాలు ఎందుకంత పట్టుదలగా మారాయో తెలియాలంటే 1969 ఆగస్టుకు వెళ్లాలి. పశ్చిమ బెల్‌ఫాస్ట్‌లో బాంబే స్ట్రీట్ అనే వీధి ఉంది. (ఆ చుట్టుపక్కల సామ్రాజ్యం నాటి పేర్లు చాలా కనిపిస్తాయి, పక్కనే కశ్మీర్ రోడ్డు కూడా ఉంది.) మూకలు వచ్చి క్యాథలిక్కుల ఇళ్లు తగలబెట్టాయి. ఆ సమయానికి ఐఆర్ఏ దగ్గర లెక్కపెట్టదగ్గ ఆయుధాలే లేవు, జనాన్ని కాపాడలేకపోయింది. ఆ అవమానంలోంచే డిసెంబరులో చీలిక వచ్చి ప్రొవిజనల్ ఐఆర్ఏ పుట్టింది. ఇంకోసారి ఖాళీ చేతులతో దొరకకూడదన్నది దాని పుట్టుకలోనే ఉంది. దీనికి తోడు పాత సంప్రదాయం ఒకటి: 1923లో అంతర్యుద్ధం ఓడినప్పుడూ, 1962లో సరిహద్దు దాడులు ఆపినప్పుడూ ఆ సంస్థ ఆయుధాలు పాతిపెట్టింది తప్ప ఎవరికీ అప్పగించలేదు. పాతిపెట్టడం విరామం, అప్పగించడం లొంగుబాటు. ఆ తేడా బయటివాళ్లకు చిన్నదిగా కనిపిస్తుంది. లోపలివాళ్లకు సంస్థ నిలుస్తుందా, చీలుతుందా అన్నదే దాని మీద ఆధారపడి ఉంటుంది.

మొదటి మూడు ప్రయత్నాలూ విఫలమయ్యాయి, ఒక్కోటి ఒక్కో కారణంతో. 1972 జనవరి 30న డెరీలో బ్రిటిష్ సైనికులు నిరాయుధుల మీద కాల్పులు జరిపి పదముగ్గురిని చంపారు, గాయపడినవాళ్లలో ఇంకొకరు తర్వాత పోయారు. ఆ ఏడాది జులైలో బ్రిటిష్ మంత్రి విలియం వైట్‌లా లండన్‌లో ఐఆర్ఏ నాయకులను రహస్యంగా కలిశాడు. వచ్చినవాళ్లలో కుర్రవాళ్లు జెరీ ఆడమ్స్, మార్టిన్ మెక్‌గిన్నెస్ కూడా ఉన్నారు. 1975 జనవరి 1 కల్లా బ్రిటన్ వెళ్లిపోవాలని ఐఆర్ఏ గడువు పెట్టింది. పది లక్షలకు దగ్గరగా ఉన్న యూనియనిస్టులు ఏమనుకుంటారన్న ప్రశ్న ఆ గదిలోకి రానేలేదు. రెండు రోజుల్లో కాల్పుల విరమణ ముగిసింది, రెండు వారాల్లో బెల్‌ఫాస్ట్ నిండా బాంబులు పేలాయి.

1973 డిసెంబరులో సన్నింగ్‌డేల్ ఒప్పందం ఇందుకు సరిగ్గా తిరగబడ్డ తప్పు చేసింది. ఉమ్మడి మంత్రివర్గం, ఉత్తర దక్షిణాల మధ్య ఒక కౌన్సిల్, కాగితం మీద అన్నీ ఉన్నాయి. కానీ సాయుధ సంస్థలతో సంబంధం ఉన్నవాళ్లెవరూ బల్ల దగ్గర లేరు. 1974 ఫిబ్రవరి ఎన్నికల్లో ఉత్తర ఐర్లండ్‌లోని 12 లండన్ సీట్లలో 11 ఒప్పందాన్ని వ్యతిరేకించేవాళ్లకే వెళ్లాయి. మేలో లాయలిస్ట్ (యూనియనిస్టుల్లో తుపాకికీ వెనకాడని వర్గం) కార్మికులు సమ్మె కట్టి విద్యుత్ కేంద్రాలను చేతుల్లోకి తీసుకున్నారు. రెండు వారాల్లో మంత్రివర్గం కూలింది. ఇక 1975 విరమణ: ఐఆర్ఏ కాల్పులు ఆపింది, బ్రిటన్ మాట్లాడుతూనే కాలం గడిపింది, ఏమీ ఇవ్వలేదు. బలహీనపడ్డాక గానీ మోసపోయామని ఐఆర్ఏకు అర్థం కాలేదు. 1990ల్లో ఆయుధాల షరతు వచ్చినప్పుడు ఆడమ్స్ తరం తలుచుకున్నది ఈ ఏడాదినే.

1981 నిరాహార దీక్షల్లో పదిమంది ఖైదీలు చనిపోయారు. వారిలో మొదటివాడు బాబీ శాండ్స్, జైల్లో ఉండగానే ఎంపీగా గెలిచి, 66వ రోజున ప్రాణం విడిచాడు. ఓట్లతోనూ పని జరుగుతుందని ఐఆర్ఏకు రాజకీయ వేదికైన షిన్ ఫేన్‌కు తెలిసింది అప్పుడే. మరోవైపు హింసను వ్యతిరేకించే జాతీయవాద పార్టీ ఎస్‌డీఎల్‌పీ నాయకుడు జాన్ హ్యూమ్ ఎన్నో ఏళ్లుగా చెబుతున్న మాట ఒకటుంది: ఐర్లండ్‌ను విడదీస్తున్నది సరిహద్దు గీత మాత్రమే అనుకోవద్దు, ఆ గీత మనుషుల మధ్య ఉంది, యూనియనిస్టులు ఒప్పుకోకుండా ఏ ఐక్యతా నిలవదు. ఫాదర్ అలెక్ రీడ్ అనే మతగురువు మధ్యవర్తిత్వంతో 1988 నుంచి హ్యూమ్, అప్పటికి షిన్ ఫేన్ అధ్యక్షుడైన ఆడమ్స్ మాట్లాడుకున్నారు. ఆ సంగతి బయటపడ్డప్పుడు హ్యూమ్‌ను పత్రికలు చీల్చి చెండాడాయి. ఉత్తర ఐర్లండ్‌లో తమకు స్వార్థపరమైన వ్యూహాత్మక, ఆర్థిక ప్రయోజనాలేమీ లేవని 1990 నవంబరులో బ్రిటిష్ మంత్రి పీటర్ బ్రూక్ బహిరంగంగా అన్నాడు. బ్రిటన్‌ను ఆక్రమణదారుగా చూసే ఐఆర్ఏకు ఈ మాట ఒక ప్రశ్నగా మిగిలింది: వాళ్లను పట్టుకుని ఉంచేది వాళ్ల స్వార్థం కానప్పుడు, మనం బాంబులు వేస్తున్నది ఎవరి మీద?

1993 డిసెంబరు 15 డౌనింగ్ స్ట్రీట్ ప్రకటనలో బ్రిటన్, ఐర్లండ్ ప్రధానులు జాన్ మేజర్, ఆల్బర్ట్ రేనాల్డ్స్ ఒక వాక్యాన్ని చాలా జాగ్రత్తగా అల్లారు. స్వయంనిర్ణయ హక్కు ఐర్లండ్ ద్వీప ప్రజలదే, ఇది రిపబ్లికన్లకు (ఐఆర్ఏ, షిన్ ఫేన్ వర్గానికి) కావలసిన మాట. ఆ హక్కును ఉత్తరం, దక్షిణం విడివిడిగా, ఒకే సమయంలో ఇచ్చే సమ్మతి ద్వారా వాడుకోవాలి, ఇది యూనియనిస్టులకు కావలసిన మాట. ఎనిమిది నెలల తర్వాత, 1994 ఆగస్టు 31న, ఐఆర్ఏ కాల్పులు ఆపింది. అక్టోబరులో లాయలిస్టులూ ఆపారు.

చర్చలు ఆ శీతాకాలంలోనే మొదలవ్వాల్సింది. 1995 మార్చిలో బ్రిటిష్ మంత్రి ప్యాట్రిక్ మేహ్యూ వాషింగ్టన్‌లో మూడు షరతులు ప్రకటించాడు. సూత్రప్రాయంగా నిరాయుధీకరణకు ఒప్పుకోవాలి. అది ఎలా జరగాలో ఒక అవగాహనకు రావాలి. అన్నిపార్టీల చర్చలకు ముందే కొన్ని ఆయుధాలైనా నిజంగా వదులుకోవాలి. చిక్కంతా మూడోదాంతోనే. మేజర్ ఎందుకు పట్టుబట్టాడో అర్థం చేసుకోవచ్చు: పార్లమెంటులో అతని మెజారిటీ కరిగిపోతోంది, యూనియనిస్టు ఎంపీల మద్దతు అవసరం, విరమణ ప్రకటనలో 'శాశ్వత' అన్న మాట లేకపోవడం మీద వాళ్లకున్న అనుమానం నిజాయితీ గలది. అయినా ఆ షరతు జరిగే పని కాదు. గుప్పెడు తుపాకులు ఇస్తే సైనికంగా ఏ తేడా రాదు. 1980ల్లో లిబియా నుంచి టన్నుల కొద్దీ వచ్చిన సరుకు దాచి ఉంది. అడిగింది లొంగుబాటుకు గుర్తు. దాన్ని ఇచ్చిన నాయకుడు మరుసటి రోజు తన సంస్థలో ఉండేవాడు కాదు, ఆయుధాలు మాత్రం మొండివాళ్ల చేతుల్లో ఉండేవి.

ఈ చిక్కు విప్పడానికి వేసిన కమిటీలో ముగ్గురు: అమెరికా మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్, కెనడా సైన్యాధిపతిగా చేసిన జాన్ డి చాస్టలేన్, ఫిన్లండ్ మాజీ ప్రధాని హ్యారీ హోల్కెరి. 1996 జనవరిలో వాళ్లిచ్చిన నివేదిక ఉన్నదున్నట్టు చెప్పింది: చర్చలకు ముందు సాయుధ సంస్థలేవీ ఆయుధాలు ఇవ్వవు, చర్చలు జరుగుతుండగా ఆ పని సాగాలి. దానికి బదులుగా ఆరు సూత్రాలకు పార్టీలన్నీ ప్రమాణం చేయాలి: శాంతియుత పద్ధతులు మాత్రమే, పూర్తి నిరాయుధీకరణ, దానికి స్వతంత్ర తనిఖీ, బలప్రయోగాన్ని వదులుకుని ఇతరులు చేసినా వ్యతిరేకించడం, ఒప్పందం నచ్చకపోయినా ప్రజాస్వామ్యంగానే మార్చుకోవడం, 'శిక్షల' పేరుతో జరిగే హత్యలు, కొట్టడాలు ఆపడం. ఇనుము అడగకుండా మాట అడిగారు. మాట తప్పితే బయటికి పంపే అధికారం ఉంచుకున్నారు. మేజర్ మాత్రం నివేదికలోని ఇంకో సూచనను పట్టుకుని, చర్చలకు ముందు ఎన్నికలు అన్నాడు. ఫిబ్రవరి 9న లండన్ డాక్‌ల్యాండ్స్‌లో ఐఆర్ఏ లారీ బాంబు పేలి ఇద్దరు పోయారు. ఆ ఇద్దరి చావుకు బాధ్యత బాంబు పెట్టినవాళ్లదే, మరెవరిదీ కాదు. కానీ పదిహేడు నెలలు నిలిచిన విరమణను కాపాడుకునే అవకాశం లండన్ చేతిలో ఉండింది, వాడుకోలేదు.

ఆ ఎన్నికల నుంచి ఒక మంచి జరిగింది. 18 నియోజకవర్గాల నుంచి ఐదుగురు చొప్పున 90 మంది, ఆపైన ఎక్కువ ఓట్లొచ్చిన మొదటి పది పార్టీలకు ఇద్దరేసి చొప్పున 20 మంది. ఈ అదనపు సీట్ల వల్లే రెండు లాయలిస్ట్ సంస్థలకు దగ్గరగా ఉన్న చిన్న పార్టీలు, ఒక్క శాతం ఓట్లొచ్చిన విమెన్స్ కొయలిషన్ బల్ల దగ్గరికి రాగలిగాయి. 1974లో సమ్మె కట్టినవాళ్ల వారసులు ఈసారి లోపల కూర్చున్నారు. 15 శాతం ఓట్లు తెచ్చుకున్న షిన్ ఫేన్ మాత్రం విరమణ లేదు కాబట్టి గేటు బయటే ఉండిపోయింది.

1997 మేలో టోనీ బ్లేర్ గెలిచాడు. ఎవరి మద్దతూ అక్కర్లేని మెజారిటీ. ముందస్తు అప్పగింత షరతు పోయింది, జులై 20న విరమణ తిరిగి వచ్చింది, సెప్టెంబరులో షిన్ ఫేన్ ఆరు సూత్రాలకు ప్రమాణం చేసింది. అది చాలనివాళ్లు ఐఆర్ఏలోంచి చీలి రియల్ ఐఆర్ఏ పెట్టుకున్నారు. షిన్ ఫేన్ లోపలికి రాగానే ఇయన్ పెయిజ్లీ నడిపే కరుడుగట్టిన యూనియనిస్టు పార్టీ డీయూపీ బయటికి నడిచింది. డేవిడ్ ట్రింబుల్ నాయకత్వంలోని మరో యూనియనిస్టు పార్టీ, అల్‌స్టర్ యూనియనిస్టులు, ఉన్నారు గానీ ఆడమ్స్‌తో నేరుగా మాట్లాడలేదు, చర్చల అధ్యక్షుడు మిచెల్‌ను ఉద్దేశించి మాత్రమే మాట్లాడారు. ఐఆర్ఏ మీద హత్యల నింద వచ్చినప్పుడు 1998 ఫిబ్రవరిలో షిన్ ఫేన్‌ను రెండు వారాల పైచిలుకు నిజంగానే బయటికి పంపారు. అదే కారణంగా అంతకు నెల ముందు ఒక లాయలిస్ట్ పార్టీ కూడా బయట నిలబడింది. ఆరు సూత్రాలకు పళ్లున్నాయని జనం చూశారు.

ఏప్రిల్ 10, గుడ్ ఫ్రైడే నాడు కుదిరిన ఒప్పందంలో నాకు అన్నిటికంటే తెలివైనదిగా అనిపించేది మంత్రుల ఎంపిక. మంత్రివర్గానికి సభ విశ్వాస ఓటు లేదు. డాంట్ పద్ధతిలో ప్రతి పార్టీ సీట్లనూ ఒకటితో, రెండుతో, మూడుతో భాగిస్తారు. పెద్ద అంకె ఎవరిదైతే వాళ్లు ముందు శాఖ ఎంచుకుంటారు. 1998 సభలో 108 సీట్లు. అల్‌స్టర్ యూనియనిస్టులకు 28, ఎస్‌డీఎల్‌పీకి 24, డీయూపీకి 20, షిన్ ఫేన్‌కు 18. పది శాఖలకు లెక్క కడితే 3, 3, 2, 2 వస్తాయి. నాలుగో అంకె షిన్ ఫేన్‌ది, మెక్‌గిన్నెస్ విద్యాశాఖ తీసుకున్నాడు. ఒకప్పటి ఐఆర్ఏ నాయకుణ్ని మంత్రిగా ఆమోదిస్తూ ఏ యూనియనిస్టూ చెయ్యెత్తాల్సిన పని రాలేదు. ఆ చెయ్యి ఎత్తమని అడిగి ఉంటే ఒప్పందం ఆ రోజే చచ్చేది.

ముఖ్యమైన తీర్మానాలకు మాత్రం రెండు వర్గాల మద్దతూ కావాలి: మొత్తం మీద సగానికి పైగా, అలాగే యూనియనిస్టుల్లో సగానికి పైగా, జాతీయవాదుల్లో సగానికి పైగా, లేదా మొత్తం 60 శాతం, ఒక్కో వర్గంలో కనీసం 40 శాతం. దక్షిణం తన రాజ్యాంగంలోని 2, 3 అధికరణాలను తిరగరాసింది. ఉత్తరంలో పుట్టినవాళ్లు బ్రిటిష్, ఐరిష్, లేదా రెండూ అని చెప్పుకునే హక్కు పొందారు. మే 22న రెండు వైపులా ఒకే రోజు ఓటింగు పెట్టారు: ఉత్తరంలో 71 శాతం, దక్షిణంలో 94 శాతం అవునన్నారు. ఒకే రోజు పెట్టడానికి బలమైన కారణముంది. ద్వీపమంతా కలిసి చివరిసారి ఓటేసింది 1918లో, ఆ తీర్పే తమకు అధికారమిచ్చిందని ప్రతి తరం సాయుధ రిపబ్లికన్లూ వాదించారు. ఎనభై ఏళ్ల తర్వాత ద్వీపం మళ్లీ ఓటేసింది. ఆగస్టులో ఓమాలో రియల్ ఐఆర్ఏ కారు బాంబుకు 29 మంది బలైనప్పుడు, ప్రజల పేరు చెప్పుకోవడానికి వాళ్ల దగ్గర ఏ తీర్పూ మిగల్లేదు.

ఆయుధాల గురించి ఒప్పందంలో ఉన్నది ఒక్క మెత్తని హామీ: రెండేళ్లలో నిరాయుధీకరణ పూర్తయ్యేలా పార్టీలు తమకున్న పలుకుబడి వాడతాయి. ఇక్కడే మూల్యం మొదలైంది. ఒప్పందం ప్రకారం రెండేళ్లలో విరమణ పాటిస్తున్న సాయుధ సంస్థల ఖైదీలు దాదాపు అందరూ బయటికొచ్చారు, 400 మందికి పైగా. తన కొడుకును చంపినవాణ్ని కూరగాయల మార్కెట్లో చూడాల్సి వచ్చిన తల్లికి ఈ ఒప్పందం న్యాయం చేయలేదు. ఎవరు ఎంత సమర్థించినా అది న్యాయం అవదు. ఆయుధాలు మాత్రం కదల్లేదు. ట్రింబుల్ ప్రతి ఆరు నెలలకూ తన పార్టీ కౌన్సిల్ ముందు నిలబడి సమాధానం చెప్పుకున్నాడు. 2000 ఫిబ్రవరిలో మంత్రివర్గాన్ని లండన్ సస్పెండ్ చేసింది. మేలో ఐఆర్ఏ ఆయుధాలను వాడకానికి అందకుండా చేస్తామంది, జూన్‌లో ఫిన్లండ్ మాజీ అధ్యక్షుడు మార్టీ అహ్తిసారి, దక్షిణాఫ్రికాకు చెందిన సిరిల్ రామఫోసా గుప్త నిల్వలను తనిఖీ చేశారు. మొదటి నిజమైన ధ్వంసం జరిగింది 2001 అక్టోబరులో. అప్పటికే ఆలస్యమైంది. 2003 ఎన్నికల్లో డీయూపీ ట్రింబుల్ పార్టీని దాటింది, షిన్ ఫేన్ హ్యూమ్ పార్టీని దాటింది. ఒప్పందం కట్టిన ఇద్దరికీ నోబెల్ వచ్చింది, వాళ్ల పార్టీలు మాత్రం మళ్లీ కోలుకోలేదు.

కాబట్టి ఆయుధాలను వెనక్కి నెట్టడం తప్పేనా? కాదు. తప్పు వరుసలో లేదు, గడువుకు బలం లేకపోవడంలో ఉంది. చర్చలకు ముందు అడగకూడనిది, మంత్రి పదవుల తర్వాత గట్టిగా అడగాలి. ఖైదీల విడుదలకు తేదీలు, కమిషన్, చట్టం ఉన్నాయి. ఆయుధాలకు పలుకుబడి అన్న మాట మాత్రమే ఉంది. విడుదలలను విడతలుగా, ఒక్కో విడతను స్వతంత్ర కమిషన్ ధ్రువీకరించిన ధ్వంసంతో ముడిపెట్టి ఉంటే షిన్ ఫేన్ అరిచేది, కానీ 1998 వేసవిలో బల్ల వదిలి వెళ్లేది కాదు. జైళ్లలో ఉన్నది దాని మనుషులే.

2004 చివర్లో పెయిజ్లీ ఫొటోలు కావాలన్నాడు. అది మళ్లీ 1995 షరతే, ఈసారి కెమెరాతో. ఐఆర్ఏ ఒప్పుకోలేదు. ఆ డిసెంబరులో బెల్‌ఫాస్ట్ బ్యాంకు నుంచి 2 కోట్ల 65 లక్షల పౌండ్లు పోయాయి, పోలీసులు ఐఆర్ఏనే వేలెత్తి చూపారు. డబ్లిన్, వాషింగ్టన్ కూడా ముఖం తిప్పుకున్నాయి. ఇక వేరే దారి లేక 2005 జులై 28న సాయుధ పోరాటం ముగిసిందని ఐఆర్ఏ ప్రకటించింది. సెప్టెంబరులో నిరాయుధీకరణను తనిఖీ చేసే డి చాస్టలేన్ కమిషన్ ధ్వంసం పూర్తయిందని చెప్పింది. ఫొటోలు లేవు. ఒక క్యాథలిక్, ఒక ప్రొటెస్టంట్ మతగురువు కళ్లారా చూసి సాక్ష్యమిచ్చారు. క్యాథలిక్ సాక్షి హ్యూమ్, ఆడమ్స్‌ను కలిపిన అలెక్ రీడే. 2007 జనవరిలో షిన్ ఫేన్ కొత్త పోలీసు వ్యవస్థను ఒప్పుకుంది, మే 8న పెయిజ్లీ, మెక్‌గిన్నెస్ కలిసి పాలన చేపట్టారు. లాయలిస్ట్ సంస్థల ఆయుధాలు 2009, 2010 దాకా ఆగాయి.

ఆ యంత్రానికి ఇప్పుడు తుప్పు పట్టింది. ఇద్దరు సమాన ముఖ్యమంత్రుల్లో ఒకరు రాజీనామా చేస్తే రెండోవారి పదవీ పోతుంది. 2017లో షిన్ ఫేన్, 2022లో డీయూపీ ఈ తాళం వాడి ఏళ్ల తరబడి సభను మూసేశాయి. ఏ వర్గానికీ చెందమనే అలయన్స్ పార్టీకి 2022లో 90 సీట్లలో 17 వచ్చాయి, కానీ రెండు వర్గాల మద్దతు కావలసిన ఓట్లలో వాళ్ల లెక్క తక్కువే. 1998లో అవసరమైన కట్టుదిట్టం ఇప్పుడు కొత్తతరాన్ని పాత పెట్టెల్లోకి నెడుతోంది.

ఉత్తరం బ్రిటన్‌లో ఉండాలా, ఐర్లండ్‌తో కలవాలా అని తేల్చే సరిహద్దు ఓటింగు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. 2021 జనగణనలో క్యాథలిక్ నేపథ్యం ఉన్నవాళ్లు 45.7 శాతం, ప్రొటెస్టంట్ తదితర క్రైస్తవ నేపథ్యం వాళ్లు 43.5 శాతం. ఐక్యతకు మెజారిటీ వచ్చేలా ఉందనిపిస్తే బ్రిటిష్ మంత్రి ఓటింగు పెట్టాలి, ఓడితే ఏడేళ్లు ఆగాలి, ఇంతవరకే చట్టంలో ఉంది. ఏ ఆధారంతో 'అనిపించాలో' రాయలేదు. గెలిస్తే స్టోర్మాంట్‌లోని ఉత్తర ఐర్లండ్ సభ ఉంటుందా, పింఛన్లు ఎవరిస్తారు, బ్రిటిష్‌గా ఉండదలచినవాళ్లకు కొత్త రాజ్యాంగంలో ఏ హామీ ఉంటుంది, ఇవేవీ ఓటరు ముందు లేవు. ఆయుధాల విషయంలో మెత్తని మాట ఏడేళ్లు తినేసింది. ఈ ప్రశ్నలకు జవాబులు ఓటింగు తేదీకి ముందే, రెండు ప్రభుత్వాల సంతకాలతో కాగితం మీద ఉండాలి.